కథ సరే, సందర్భమేది?

నానో కారు నుంచి సత్యం లేఖ దాకా, కంపెనీలు మనతో మాట్లాడే తీరు మీద ఒక డెస్కు మనిషి గొడవ

సాయంత్రం నాలుగు దాటిందంటే పత్రికాఫీసులో బిజినెస్ డెస్కు మెయిల్‌కి వానాకాలం మొదలవుతుంది. ప్రెస్ నోట్ మీద ప్రెస్ నోట్. ఒక కొత్త బ్రాంచి, ఒక అవగాహన ఒప్పందం, ఒక అవార్డు, ఒక నియామకం. ఏది తెరిచినా మొదటి వాక్యం ఒకే అచ్చులో పోసినట్టుంటుంది: ‘ఆ రంగంలో అగ్రగామి అయిన ఫలానా సంస్థ తన ప్రతిష్ఠాత్మక, అత్యాధునిక...’ రెండో పేరాలో మేనేజింగ్ డైరెక్టరు గారి హర్షం. ‘కొత్త షోరూం తెరిచినవాడు హర్షించక ఏడుస్తాడా’ అని మా సీనియర్ సబ్ ఎడిటర్ ఒకాయన విసుక్కునేవారు. ఆయన ఏ నోటునైనా అడుగు నుంచి పైకి చదివేవారు. ఎందుకు సార్ అని అడిగితే, ‘ముక్కలన్నీ అడుగునే ఉంటాయయ్యా, హోటల్ సాంబారులో లాగ’ అన్నారు.

కొన్నేళ్ల కిందట ఒక పంపుసెట్ల కంపెనీ నుంచి రెండు పేజీల నోట్ వచ్చింది. కొత్త మోటారు. కరెంటు ‘గణనీయంగా’ ఆదా అవుతుందని శీర్షికలో ఒకసారి, లోపల నాలుగుసార్లు. అడుగున పీఆర్ ఏజెన్సీ అమ్మాయి నంబరుంటే ఫోన్ చేశాను.

‘అమ్మా, ఈ మోటారు ఎవరి కోసం?’

‘రైతుల కోసమే సార్. మెయిన్‌గా తెలంగాణ, ఆంధ్రా మార్కెట్.’

‘ఇక్కడ సాగుకి కరెంటు ఉచితం కదమ్మా. బిల్లే రాని రైతుకి కరెంటు ఆదా అవుతుందని చెబితే ఏం చేసుకుంటాడు?’

అవతల కాసేపు చప్పుడు లేదు. ‘అది క్లయింట్ అప్రూవ్ చేసిన నోట్ సార్. మేం మార్చలేం.’

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తామన్నారు. బోరు దగ్గర రైతు భయం బిల్లు గురించి కాదు, మోటారు కాలిపోతుందేమోనని. ఓల్టేజీ పడిపోయి వైండింగ్ మాడితే పైపులు లాగాలి, మోటారు పైకి తీయాలి, ఆటోలో వేసుకుని టౌనుకి పోవాలి, రీవైండింగ్ చేయించి మళ్లీ దించాలి. ఈలోగా మడి నెర్రెలిస్తుంది. సీనియర్ గారి సూత్రం గుర్తొచ్చి నోట్‌ని అడుగు నుంచి చదివాను. రెండో పేజీలో, ఆఖరి నుంచి రెండో లైనులో ఉంది: తక్కువ ఓల్టేజీలో మోటారు కాలకుండా రక్షణ. వార్త అదే. ఆ సంగతి కంపెనీకే తెలియదు. దాన్నే హెడ్డింగ్ చేసి సింగిల్ కాలమ్ వేశాం. మర్నాడు కంపెనీ నుంచి ఫోన్: కరెంటు ఆదా గురించి హెడ్డింగులో లేదేమని.

ఈమధ్య ఈ రంగంలో ఎవరిని కదిపినా స్టోరీటెల్లింగ్ అంటున్నారు. స్టార్ హోటళ్లలో దానికి వర్క్‌షాపులు, వాటికి ఫీజులు, ఆఖర్న సర్టిఫికెట్లు. ఫలితంగా మెయిల్‌లో ఇంకో రకం నోట్లు మొదలయ్యాయి. పచ్చళ్ల స్టార్టప్ అంటే దానికి ఒక అమ్మమ్మ ఉండి తీరాలి. చిరుధాన్యాల కంపెనీ పెట్టినవాడు అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చినవాడై ఉండాలి. అమ్మమ్మల మీద నాకేం కోపం లేదు. కానీ నలభై నోట్లలో నలభై మంది అమ్మమ్మలు ఒకే జాడీలోంచి ఒకే ఆవకాయ తీస్తుంటే, ఏ జాడీ ఎవరిదో డెస్కులో ఎవరికీ గుర్తుండదు.

కథ చెప్పడం వీళ్లకి వచ్చేసింది. రానిది సందర్భం. వినేవాడు ఎక్కడ నిలబడి వింటున్నాడు, అప్పటికే ఏం నమ్ముతున్నాడు, మనం చెప్పిన అంకె పక్కన ఏ అంకె పెట్టి కొలుచుకుంటాడు అన్నది. మోటారు నోట్‌లో లోపించింది కథ కాదు, ఉచిత కరెంటు.

పక్కన ఇద్దరు

సందర్భం సంగతి మనకి బయటి దేశాల పుస్తకాలు నేర్పక్కర్లేదు. బుర్రకథ చూసినవాళ్లకి తెలుసు. మధ్యలో భుజాన తంబురా, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలతో కథకుడు. పక్కన ఇద్దరు వంతలు. కుడివైపు వంత చెప్పేది రాజకీయం, ఎడమవైపు వంతది హాస్యం. కథకుడు బొబ్బిలి యుద్ధంలో ఫిరంగులు పేలుస్తుంటే రాజకీయం వంత మధ్యలో దూరి ఊరి చెరువు గండి సంగతో, రేషన్ బియ్యం సంగతో ఎత్తుతాడు. పాత కథని ఆ రాత్రి ఆ ఊళ్లో కూర్చున్న జనం బతుకుతో ముడివేయడం అతని పని. హాస్యం వంత ఏమీ తెలియనివాడిలా ‘అదెట్టా గురూ?’ అంటాడు. జనం నోటి చివర ఉన్న ప్రశ్నే అతను అడుగుతాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఒంటి గొంతుతోనే వేలమందిని కూర్చోబెట్టగల మనిషి. ఆయన కూడా ఆ ఇద్దరు వంతలతోనే బుర్రకథ చెప్పేవారు.

కంపెనీ వేదిక మీద చాలాసార్లు కథకుడు ఒక్కడే ఉంటాడు. రాజకీయం వంతని లీగల్ విభాగం మాట్లాడొద్దంటుంది. హాస్యం వంతని అసలు ఉద్యోగంలోకే తీసుకోరు. మీటింగులో ‘అదెట్టా సార్?’ అని అడిగినవాడికి ఇంక్రిమెంట్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

చవక, చీప్

కథ ఎంత గొప్పదైనా సందర్భం జారిపోతే ఏమవుతుందో చెప్పడానికి మన దేశంలో నానోని మించిన ఉదాహరణ లేదు.

ఆ కారు పుట్టుకకి రతన్ టాటా చెప్పిన కథ చాలామందికి గుర్తుంటుంది. వాన. జారే రోడ్డు. స్కూటరు మీద నలుగురు. తండ్రి నడుపుతున్నాడు, ముందు ఒక పిల్లాడు నిలబడ్డాడు, వెనక తల్లి, ఆమె ఒళ్లో పసిబిడ్డ. వీళ్లకి తడవకుండా, పడకుండా వెళ్లే బండి ఒకటి ఇవ్వలేమా అన్న ఆలోచన ఆయనకి అలా వచ్చిందట. ఇంతకన్నా మంచి కథ ఏ ఏజెన్సీ రాయగలదు? ఆ స్కూటరు మీద మనలో సగం మంది పెరిగాం. నేనైతే పెట్రోలు ట్యాంకు ఎక్కి కూర్చున్నవాణ్ని.

మరి ఆ కథలోకి ధర ఎలా వచ్చింది? జెనీవా మోటారు షోలో ఫైనాన్షియల్ టైమ్స్ విలేకరి ఎంతవుతుందని అడిగితే ఆయన సుమారు లక్ష రూపాయలని ఒక లెక్క చెప్పారు. మర్నాడు పత్రికలో అదే హెడ్డింగ్. ఖండన ఇద్దామనుకుని, తర్వాత సరే ఆ ధరనే లక్ష్యంగా పెట్టుకుందామనుకున్నానని ఆయనే తర్వాత చెప్పారు. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారుని వేదిక మీదకి తెచ్చి, ఇచ్చిన మాట మాటేనన్నారు. ప్రపంచమంతా వార్త అయింది. ఏ వార్త? స్కూటరు మీద కుటుంబం కాదు, ‘ప్రపంచంలోకెల్లా చవకైన కారు’.

ఇక్కడే మాట బెసికింది. మన భాషలోనే చూడండి. కూరగాయల బజారులో చవక అంటే మెచ్చుకోలు. ‘టమాటాలు చవగ్గా పడ్డాయి’ అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటాం. అదే ‘చీప్‌గా ఉంది’ అంటే తిట్టు. చీరనైనా, మనిషినైనా, మాటనైనా. కారు అన్నది మన ఊళ్లలో టమాటాల వరసలోకి రాదు. అది పెళ్లి మాటల్లో వచ్చే వస్తువు, వీధి చివర ఆపితే పదిమంది చూసే వస్తువు. జీవితంలో మొదటి కారు కొనేవాడు స్కూటరు దిగి మెట్టు ఎక్కుతున్నాననుకుంటాడు. వాడి చేతికి ‘అందరికన్నా తక్కువ ధరది’ అన్న చీటీ ఇచ్చి ఊరేగమంటే ఊరేగుతాడా? దాచుకున్న డబ్బుకి ఇంకాస్త అప్పు చేసి సెకండ్ హ్యాండులో పెద్ద కారు తెచ్చుకున్నాడు.

చవక అన్న పేరు ఒక్కటే నానోని ముంచిందనడం అన్యాయం. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూమి గొడవ వల్ల ఫ్యాక్టరీ 2008లో గుజరాత్‌లోని సాణంద్‌కి తరలింది, కాలం కలిసి రాలేదు. కొన్ని కార్లకి నిప్పంటుకున్న వార్తలూ దెబ్బ తీశాయి. అయినా చవక కారన్న ముద్ర జనం వేసిందే కాదు, తామూ అలాగే అమ్ముకున్నామని, అది పొరపాటని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. సాణంద్ ఫ్యాక్టరీ ఏడాదికి రెండున్నర లక్షల కార్ల కోసం కట్టింది. 2018 జూన్‌లో తయారైన నానోలు ఒకటి. అవును, ఒక్కటే.

వానలో తడిసిన కుటుంబం కథని చివరి దాకా పట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. నా మటుకు నాకు, ‘భద్రం’ అన్న మాట పక్కన లక్ష అంకె వేరేగా వినిపించేదనిపిస్తుంది.

నిమ్మకాయకి పరీక్ష

కల్పనా చావ్లా పోయిన రోజు గుర్తున్నవాళ్లకి ఈ సంగతి కొంచెం భారంగా ఉంటుంది. ఆఫీసుల్లో కాగితాలు మాట్లాడే తీరు గురించి చెబుతూ దీన్ని దాటెయ్యడం నా వల్ల కాదు.

2003 జనవరి 16న కల్పనా చావ్లా ఉన్న కొలంబియా అంతరిక్ష నౌక బయల్దేరిన 82 సెకన్లకి, బయటి ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి కొట్టుకుంది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు దెబ్బ ఎంతో అంచనా వేసి నాసా అధికారుల ముందు స్లైడ్లు పెట్టారు. అందులో ఒక స్లైడు తర్వాత చాలా పేరుపడింది. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ టఫ్టీ దాన్ని అక్షరం అక్షరం విప్పి చూపించాడు. పైన పెద్ద అక్షరాల శీర్షిక ధైర్యం చెబుతున్నట్టుంది. కింద చుక్కలు, చుక్కల కింద గీతలు, గీతల కింద ఇంకా చిన్న చుక్కలు. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో అసలు మాట: పరీక్షించిన నురుగు ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇక్కడ తగిలింది 1920.

ఘనపు అంగుళాల్లో రాస్తే అది కూడా అంకే, ఇది కూడా అంకే. మన ఇంటి కొలతల్లో చెబితే, పరీక్ష పెట్టింది నిమ్మకాయంత ముక్కకి. రెక్కకి తగిలింది ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒకటిన్నరంత. ఈ రెండు వాక్యాలూ స్లైడు నెత్తిన ఉంటే ఆ గదిలో కూర్చున్నవాళ్లు కనీసం కుర్చీల్లో కదిలేవాళ్లు. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలైంది, లోపలున్న ఏడుగురూ పోయారు. ప్రమాదానికి కారణాలు ఒక స్లైడుతో అయిపోవు. కానీ దర్యాప్తు సంఘం తన నివేదికలో ఈ స్లైడు గురించి, సాంకేతిక నివేదికల చోట స్లైడ్లు వచ్చి కూర్చోవడం గురించి ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. మా సీనియర్ గారు ఆ గదిలో ఉండి అడుగు నుంచి చదివుంటే అనిపిస్తుంది నాకు అప్పుడప్పుడు.

మరుసటి ఏడాది, అంటే 2004లో, అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ పెద్ద మీటింగుల్లో స్లైడ్లు ఎత్తేశాడు. చెప్పదలచుకున్నది పూర్తి వాక్యాల్లో ఆరు పేజీలకి మించకుండా రాసుకు రమ్మన్నాడు. మీటింగు మొదట్లో అందరూ మాట్లాడకుండా ఆ కాగితాలు చదువుతారు, తర్వాతే చర్చ. చుక్క పెట్టి నాలుగు మాటలు రాస్తే వాటి మధ్య ఉన్న ‘కాబట్టి’, ‘అయినా’, ‘ఎందుకంటే’ ఎగిరిపోతాయి. వాక్యం రాసేవాడు వాటిని రాయక తప్పదు. రాయలేకపోతే తనకే తెలియదని తెలుస్తుంది. మన హైదరాబాద్ ఆఫీసుల్లో ఈ పద్ధతి పెడితే మొదటి వారం సగం మీటింగులు రద్దవుతాయని నా అనుమానం. అదీ లాభమే.

రోకియా పక్కన లెక్కలు

అయితే అంకె కావాలా, కథ కావాలా? దీనికి జవాబు మనం అనుకున్నంత తేలిక కాదు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం ప్రచురించారు. పాల్గొన్నవాళ్ల చేతిలో ఐదు డాలర్లు పెట్టి, ఆఫ్రికా ఆకలి గురించి చదివించి, తోచింది ఇమ్మన్నారు. కొందరికి లక్షల్లో ఉన్న ఆకలి లెక్కలిచ్చారు, సగటున 1.14 డాలర్లు వచ్చాయి. కొందరికి మాలి దేశంలోని ఏడేళ్ల రోకియా అనే పాప గురించి చెప్పారు, 2.38 వచ్చాయి. పాపతో పాటు లెక్కలూ ఇస్తే ఇంకా ఎక్కువ రావాలి కదా? 1.43 వచ్చాయి. లెక్క పక్కకొచ్చేసరికి పాప చిన్నదైపోయింది.

వర్క్‌షాపుల వాళ్లు దీన్ని పట్టుకుని ‘అంకెలు వద్దు, ఏడిపించండి చాలు’ అని పాఠం చెబుతున్నారు. అక్కడే నాకు పేచీ. జేబులోంచి డబ్బు తీయించడం ఒక పని, నమ్మకం నిలబెట్టుకోవడం ఇంకో పని. లెక్క లేని కథ మంచివాడికి ఎంత పనికొస్తుందో దొంగకీ అంత పనికొస్తుంది. దానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది.

పులిని ఎవరు పెంచారు?

2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి రాసిన లేఖ బయటికొచ్చిన రోజు. లేని నగదు 5,040 కోట్ల రూపాయలు పుస్తకాల్లో ఉన్నట్టు చూపించామని అందులో ఉంది. దాదాపు 53 వేల మంది ఉద్యోగుల కుటుంబాలు ఆ సాయంత్రం టీవీల ముందు బిక్కచచ్చిపోయాయి. కొన్ని నెలల ముందే, 2008 సెప్టెంబరులో, ఆ కంపెనీకి మంచి పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. దాని గురించీ ప్రెస్ నోట్లు వచ్చాయి. మేమూ వేశాం.

ఇప్పుడు ఎవరినైనా అడగండి, ఆ లేఖలో ఏముందని. అంకె చెప్పేవాళ్లు తక్కువ. పులి మాత్రం అందరికీ గుర్తు. పులి మీద స్వారీ చేస్తున్నట్టుండేది, అది తినేయకుండా దిగడమెలాగో తెలియలేదు అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది అందులో. మర్నాడు పత్రికలన్నీ దాన్నే ఎత్తుకున్నాయి. ఇన్నేళ్ల తర్వాత తీరిగ్గా చదివితే, ఆ ఒక్క పోలిక ఎంత పని చేసిందో తెలుస్తుంది. లెక్కలు మార్చిన మనిషి కాస్తా పులి బారిన పడ్డ మనిషయ్యాడు. వినేవాడి కళ్లు పులి కోరల మీదకి పోయాయి. ఆ పులికి ఏటేటా మేత వేసిందెవరు, అది ఎవరి పెరట్లో పెరిగింది అన్న ప్రశ్న వెనక్కి పోయింది. హాస్యం వంత ఉంటే అక్కడే ఆపి ‘అదెట్టా గురూ, నువ్వే ఎక్కావు కదా?’ అనేవాడు. ఆ ప్రశ్న అడగడానికి కోర్టుకి 2015 ఏప్రిల్ దాకా పట్టింది. అప్పుడు పడిన శిక్ష ఏడేళ్లు.

కథ శక్తి గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఈ లేఖని సిలబస్‌లో పెట్టాలి. మెచ్చుకోడానికి కాదు.

పీఆర్ అన్న వృత్తికి పుట్టుకతోనే ఈ రెండు ముఖాలున్నాయి. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే కంపెనీలకి ఇలాంటివి దాచిపెట్టడమే అలవాటు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి సలహాదారుగా ఉన్న ఐవీ లీ, దాచొద్దని చెప్పి, జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకి పంపాడు. మొదటి ప్రెస్ నోట్ అదేనంటారు. ఎనిమిదేళ్ల తర్వాత, 1914లో, కొలరాడోలోని లడ్లోలో గని కార్మికుల గుడారాల మీద కాల్పులు జరిగి ఆడవాళ్లు, పిల్లలు చనిపోయారు. అప్పుడు గని యజమాని రాక్‌ఫెల్లర్ పక్షాన బులెటిన్లు రాసిందీ ఆ ఐవీ లీనే. వాటిలో అబద్ధాలు దొర్లాయి. రచయిత అప్టన్ సింక్లెయిర్ అతనికి ‘పాయిజన్ ఐవీ’ అని పేరు పెట్టాడు. ఐవీ అంటే గోడలకి పాకే తీగ, పాయిజన్ ఐవీ అంటే తాకితే ఒళ్లు దద్దుర్లెక్కే విషపు మొక్క. కలం అదే, చెయ్యి అదే.

అమ్మ అడిగింది ఒకటి

2015 మే, జూన్‌లు. మ్యాగీలో సీసం ఉందన్న వార్త. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన నమూనాలో 17.2 పీపీఎం ఉందన్నారు, పరిమితి 2.5. జూన్ 5న దేశవ్యాప్తంగా అమ్మకాలు ఆపమని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. మొదట్లో కంపెనీ మాటలన్నీ పీపీఎంలు, బ్యాచ్ నంబర్లు, తమ ల్యాబ్ పరీక్షల చుట్టూ తిరిగాయి. ఆ మాటల్లో తప్పు లేకపోవచ్చు. కానీ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన కొడుకు నిన్న రాత్రి రెండు ప్యాకెట్లు తిన్నాడు. ఆ తల్లి అడిగే ప్రశ్న ఒకటే: ‘వాడికేమన్నా అవుతుందా?’ దానికి ల్యాబు భాషలో జవాబు లేదు. ఆమె నమ్మిన మనిషి నోటి నుంచి, ఆమె మాటలో రావాలి.

ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు నిషేధం కొట్టేసి, మూడు ల్యాబుల్లో మళ్లీ పరీక్షలు చేయించమంది. వాటిలో ఒకటి హైదరాబాద్‌లోదే. సీసం పరిమితి లోపే ఉందని తేలింది, నవంబరులో మ్యాగీ దుకాణాలకి తిరిగొచ్చింది. ఈలోగా వేల టన్నుల సరుకు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో బూడిదైంది. తిరిగొచ్చే ముందు కంపెనీ ఇచ్చిన ప్రకటనల్లో పీపీఎం లేదు. అర్ధరాత్రి ఆకలేసిన బ్రహ్మచారి కుర్రాళ్లున్నారు. ఆ ముక్క జూన్ మొదటి వారంలో తోచి ఉండాల్సింది.

తిరగేసి చూపడం

పెద్ద కంపెనీల గొడవ అలా ఉంచితే, ఈ విద్య చిన్న దుకాణాల్లో ఇంకా బతికే ఉంది. పోచంపల్లిలో చీర చూపించే మనిషిని గమనించండి. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న సంగతి ఆఖర్న ఎప్పుడో చెబుతాడు, అడిగితేనే. ముందు చీరని తిరగేస్తాడు. ‘చూడండమ్మా, వెనక కూడా అదే బొమ్మ.’ నేసిన తర్వాత అద్దితే రంగు ఒకవైపే నిండుగా ఉంటుంది. ఇక్కడ నూలుని ముందే కట్లు కట్టి రంగులో ముంచి, తర్వాత మగ్గం ఎక్కిస్తారు కాబట్టి రెండువైపులా ఒకేలా వస్తుంది. ఇక బజారులో ఎక్కడ ప్రింటెడ్ నకిలీ కనిపించినా ఆమె చెయ్యి తనంతట తానే దాన్ని తిరగేస్తుంది. ఆ దుకాణదారు ఆమెకి చీరతో పాటు ఒక కొలత కూడా ఇచ్చి పంపాడు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు దాన్ని సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారట. గంటల తరబడి కూర్చుని తల దిమ్మెక్కిన శ్రోత చేతికి తలనొప్పి మందు. అంతకన్నా సందర్భశుద్ధి ఉన్న ప్రచారం నేను చూడలేదు. ఆ మందు డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తెలుగు జర్నలిజం పంతులు గారి అమృతాంజనానికి ఆ మేరకు బాకీ. మాకు తలనొప్పి తెచ్చే నోట్లు ఎన్ని వచ్చినా ఆ బాకీ తీరదు.

తెర పక్కన మనిషి

1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’ సినిమా మొదట్లో తెర మీద నిర్మాత పేరు పడుతుంది: గుజరాత్‌లోని 5 లక్షల మంది రైతులు. పాల డబ్బుల్లోంచి తలా 2 రూపాయలు ఇచ్చారు, 10 లక్షలు పోగయ్యాయి. వాళ్లని కూడగట్టింది ఆనంద్‌లో అమూల్‌ని నిలబెట్టిన వర్గీస్ కురియన్. పాల సహకార సంఘం పెట్టడానికి ఊరికొచ్చిన ఒక పశువైద్యుడు, ఆ ఊరి కులం గోడలు, పాల వ్యాపారి పెత్తనం, ఇదీ కథ. సినిమా విడుదలయ్యాక రైతులు లారీల్లో వచ్చి ‘తమ’ సినిమా చూసుకున్నారు.

ఎక్కువమంది ఇక్కడితో ఆపేసి, చూశారా కథ మహిమ అంటారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతిది. సహకార సంఘాలు ఇంకా లేని ఊళ్లకి కురియన్ ఆ సినిమా రీళ్లు పంపినప్పుడు వాటితో పాటు మనుషుల్నీ పంపాడు. ఒక పశువైద్యుడు, పాల సాంకేతిక నిపుణుడు, మేత గురించి తెలిసినవాడు. తెర మీద బొమ్మ ఆగగానే లైట్లు వేసి, మన గేదెకి ఈ సీజనులో ఏం పెట్టాలి, వెన్న శాతం ఎలా కొలుస్తారు, డబ్బు ఏ రోజు చేతికొస్తుంది అని ఊరి జనం అడిగితే చెప్పడానికి వాళ్లు అక్కడే ఉన్నారు. కథకుడి పక్కన వంతలన్నమాట. సినిమా ఒక్కటే పంపి ఉంటే ఊరు చప్పట్లు కొట్టి ఇళ్లకి పోయేది. ఆ పాత సినిమాని బాగుచేసి 2024లో కాన్ చిత్రోత్సవంలో వేశారు.

ఇక ప్రెస్ నోట్లు పంపేవాళ్లకి ఒక మనవి. అమ్మమ్మని పెట్టండి, స్కూటరుని పెట్టండి, మీ ఇష్టం. అడుగున మాత్రం ఒక మనిషి నంబరు పెట్టండి. నోట్‌లో లేనిది అడిగితే చెప్పగలిగిన మనిషిది. మా పేజీ రాత్రి తొమ్మిదికి మూస్తాం. అప్పటిదాకా ఆ ఫోన్ ఎత్తితే చాలు.